ఎవరి కట్టుబాటు?

కట్టుబాటు అన్న మాట వినగానే మనలో చాలామందికి ఒళ్లు మండుతుంది. గడప, కొంగు, ఇంటిపేరు, పొద్దుగూకేలోగా ఇల్లు చేరడం... ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. సాహిత్యంలో పరిశోధన చేసినన్నాళ్లూ నేను రాసిన ప్రతి అధ్యాయంలోనూ ఆ మాట వచ్చింది. వచ్చిన ప్రతిచోటా అది తెంచుకోవలసినదే. డాక్టరేట్ చేతికొచ్చాక బతుకుతెరువు కోసం మేడ్చల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లిషు చెప్పడానికి చేరాను. అక్కడ కంప్యూటర్ విభాగంలో డేటాబేస్ పాఠాలు చెప్పే స్నేహితురాలు ఒకరోజు అడిగింది: "కాన్‌స్ట్రెయింట్‌ని తెలుగులో ఏమంటారు? మా పిల్లల్లో సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు." కట్టుబాటు అన్నాను. "బాగుంది. కట్టుబాట్లు లేని పట్టికలో ఎవరైనా ఏదైనా రాసుకుపోవచ్చు. బలమున్నవాడి అబద్ధం కూడా అందులో నిజంలాగే కనబడుతుంది" అంది.

కట్టుబాటు బలవంతుడికి అడ్డం పడుతుందని నేను అంతకుముందు ఎక్కడా చదవలేదు. ఖాళీ పీరియడ్లలో ఆమె ల్యాబులో వెనక బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాను.

అక్కడ నేర్చుకున్నది మన పరిభాషలో చెప్పుకుందాం. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే గణితవేత్త ఒక వ్యాసం రాశాడు. సమాచారాన్నంతా పట్టికలుగా, వరసలుగా, గడులుగా పెట్టుకుంటే, ఏ వరస ఎక్కడ భద్రపరిచి ఉందో తెలియనక్కర లేకుండానే ప్రశ్నలు అడిగి జవాబులు రాబట్టవచ్చు అన్నాడు. దాన్నే రిలేషనల్ నమూనా అంటారు. ఇక్కడ రిలేషన్ అంటే చుట్టరికం కాదు, గణితంలోని ఒక భావన. పట్టికకే ఆ పేరు. అయినా ఆ శాస్త్రం మాటలన్నీ ఇంట్లోంచి వచ్చినవే అనిపిస్తుంది. తల్లి పట్టిక, పిల్ల పట్టిక అంటారు. తల్లి వరస లేని పిల్ల వరసను అనాథ అంటారు.

ముఖ్యమైన కట్టుబాట్లు అయిదు. మన పహాణీ లాంటి పట్టిక ఒకటి ఊహించుకుంటే అవి తేలిగ్గా అర్థమవుతాయి. మొదటిది నాట్ నల్. ఫలానా గడి ఖాళీగా ఉండకూడదని దానర్థం. పట్టాదారు పేరు లేకుండా వరస చేరదు. రెండోది యూనిక్. ఒకే పాస్‌బుక్ నంబరు ఇద్దరికి ఉండకూడదు. మూడోది ప్రైమరీ కీ. ఈ వరస ఇదే, మరొకటి కాదు అని తేల్చే గుర్తు. నాలుగోది చెక్. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి గుంటల గడిలో 40 కంటే తక్కువ అంకే ఉండాలి. 45 వేస్తే ఒప్పుకోదు. అయిదోది ఫారిన్ కీ. ఒక పట్టికలో రాసిన సర్వే నంబరు సర్వే నంబర్ల పట్టికలో ఉండి తీరాలి. లేని నంబరు మీద ఎవరికీ పట్టా రాయలేం.

ఇవన్నీ పట్టికలోనే రాసి పెడతారు. మనిషి ఎవరైనా, ఏ ప్రోగ్రాం నుంచి వచ్చినా, నియమం తప్పిన వరసను పట్టిక వెనక్కి తోసేస్తుంది. రాత్రి పదిగంటలకు అలసిపోయిన ఆపరేటర్ అయినా అంతే, పైనుంచి ఫోన్ చేయించిన పెద్దమనిషి అయినా అంతే. మొహం చూడని నియమం. నాకు అందులో నచ్చింది అదే.

నేర్చుకున్నదాన్ని నా పనిలోకి తెచ్చుకున్నాను. తెలుగు రచయిత్రుల సూచిక ఒకటి చాలా ఏళ్లుగా కాగితాల మీద పోగుచేస్తున్నాను. దాన్ని పట్టికలుగా మారుస్తుంటే మొదటి గడి దగ్గరే పని ఆగింది. ఒక రచయిత్రిని ఈమే అని తేల్చే గుర్తు ఏది? పేరా? 1902లో 'ధనత్రయోదశి' రాసిన అచ్చమాంబ పుట్టింట కొమర్రాజు వారి ఆడపడుచు, మనకు తెలిసింది భండారు అచ్చమాంబగా. ఓల్గా అసలు పేరు లలితకుమారి. రంగనాయకమ్మ ఇంటిపేరే వదిలేశారు. అటువైపు చూస్తే, ఆడపేర్లు పెట్టుకుని నవలలు, కథలు రాసిన మగవాళ్లు కూడా మన చరిత్రలో ఉన్నారు. పేరును ప్రైమరీ కీ చేస్తే ఒకామె ఇద్దరవుతుంది, లేని ఆమె ఒకతె పుట్టుకొస్తుంది. చివరికి ప్రతి రచయిత్రికీ అర్థం లేని ఒక అంకె ఇచ్చి, పేర్లన్నిటినీ వేరే పట్టికలోకి మార్చాను. పేరు ఎన్నిసార్లు మారినా మనిషి మారదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మరిచిపోయి వెతుక్కుంటూ తిరుగుతుంది కదా. పేరు పోయినా ఆమె ఉందని చెప్పే ఒక గుర్తు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

రెండో చిక్కు ఖాళీ గడి. దాన్ని నల్ అంటారు. పుట్టిన సంవత్సరం ఖాళీగా ఉంటే తెలియదని అర్థం. భర్త పేరు ఖాళీగా ఉంటే? తెలియదా, పెళ్లి కాలేదా, చెప్పడం ఇష్టం లేదా? ఖాళీ అంతా ఒకటి కాదని కాడ్‌కి తెలుసు. 1990లో వచ్చిన తన పుస్తకంలో, ఉండవలసి ఉండీ దొరకనిది, అసలు వర్తించనిది అని రెండు వేర్వేరు గుర్తులు పెట్టాలన్నాడు. వాడుకలోకి వచ్చిన ఎస్‌క్యూఎల్ భాష మాత్రం ఒక్క ఖాళీతోనే సరిపెట్టుకుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. గుంటలు 40 కంటే తక్కువ ఉండాలన్న చెక్ 45ని పట్టుకుంటుంది గానీ ఖాళీని పట్టుకోదు. ఖాళీతో పోలిస్తే జవాబు 'అవును' కాదు, 'కాదు' కాదు, 'తెలియదు'. తెలియదన్నదాన్ని చెక్ తప్పుగా లెక్కించదు, దాటిపోనిస్తుంది. మన ఇళ్లల్లో మౌనం అంగీకారమైనట్టే.

ఏ గడి ఖాళీగా ఉండకూడదో నిర్ణయించేది ఎవరు? తండ్రి/భర్త పేరు అన్న గడి మన జీవితమంతా వెంటాడుతుంది. అదేమీ ప్రకృతి నియమం కాదు. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలని, పెళ్లి పత్రం అడగనక్కర లేదని 2016 డిసెంబరులో నిబంధనలు మార్చారు. అంతకుముందు లేకపోతే కుదరదన్న కాగితం ఆ తర్వాత లేకుండానే కుదిరింది. ఒంటరి తల్లులు ఏళ్ల తరబడి అడిగితే సడలిన కట్టుబాటు అది.

ఇంతవరకూ ఇది సాహిత్య విద్యార్థికి కొత్తగా దొరికిన ఆటవస్తువు. అది ఆట కాకుండా పోయింది మా అమ్మ తల్లిగారింటి భూమి దగ్గర.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర లేదు. ఒకప్పుడు చెరువు కింద వరి, మెట్టన జొన్న, ద్రాక్షతోటలు. ఇటు నాగపూర్ రోడ్డు, అటు రాజీవ్ రహదారి, రెండింటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. తుర్కపల్లి దాకా జీనోమ్ వ్యాలీ. గుంటకు ధర పలికే చోట ఎకరం సంగతి ఎందుకు? కూతుళ్లకు పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చి పంపడం మామూలైన ఇళ్లల్లో ఇప్పుడు గుంట గుంటకూ లెక్క.

భూమి రికార్డుల కొత్త చరిత్ర మొదలైందీ ఈ దగ్గర్లోనే. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టారు. 2020లో కొత్త పాస్‌బుక్కుల చట్టం వచ్చింది, వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. ఆ ఏడాది అక్టోబరు 29న శామీర్‌పేటకు దగ్గర్లోని మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి ధరణిని ప్రారంభించారు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట, ఒకేసారి. చేతిరాత పహాణీల్లో కొట్టివేతలు, దిద్దివేతలు చూసినవాళ్లకు అది చిన్న మాట కాదు. అయితే అదే ఊపులో పాత పహాణీలోని అనుభవదారు గడి పోయింది. పట్టా ఎవరిదన్నది మిగిలింది, దున్నుతున్నది ఎవరన్నది పోయింది. కౌలుకు చేసే ఆడవాళ్లు, భర్త పేరున ఉన్న చెలకలో ఒంటి చేత్తో సేద్యం చేసే ఆడవాళ్లు ఆ గడితోపాటే కనబడకుండా పోయారు. 2018లో మొదలైన రైతుబంధుకు, రైతుబీమాకు పట్టాదారు పేరే ఆధారమైంది. గడి తీసేయడం కూడా ఒక నిర్ణయమే. లేని గడిలో తప్పు దొర్లదు కాబట్టి ఆ నిర్ణయం ఎవరికీ కనబడదు.

ఇక మా ఇంటి సంగతి. అమ్మవాళ్లు నలుగురు. పెద్దమ్మ, ఇద్దరు మేనమామలు, చివర అమ్మ. తాత 2011లో పోయాడు, అమ్మమ్మ అంతకు ముందే పోయింది. తాత పేరున 3 ఎకరాల 8 గుంటలు. 2021లో మామలిద్దరూ వారసులం మేమిద్దరమేనని ఒప్పంద కాగితం పెట్టి విరాసత్ చేయించుకున్నారు. చెరి 1 ఎకరం 24 గుంటలు. మాకు తెలిసింది రెండేళ్ల తర్వాత, బయానా తీసుకున్నారన్న కబురుతోపాటు.

ఆ కాగితాలు నా దగ్గరకు వచ్చినప్పుడు ల్యాబులో నేర్చుకున్న కళ్లతోనే చూశాను. ఏ గడీ ఖాళీగా లేదు. పేర్లు ఉన్నాయి, తండ్రి పేరు ఉంది, ఆధార్ నంబర్లు వేర్వేరుగా ఉన్నాయి. సర్వే నంబరు సరైనదే. రెండు వాటాలు కూడితే సరిగ్గా 3 ఎకరాల 8 గుంటలు. నాట్ నల్, యూనిక్, చెక్, ఫారిన్ కీ అన్నీ నెగ్గాయి. ఒక్క కట్టుబాటూ తప్పలేదు, పట్టికలో ఒక్క అబద్ధపు అంకె లేదు. ఇద్దరు కూతుళ్లు మాత్రం లేరు.

కాగితాలు స్నేహితురాలి ముందు పెట్టి, దీన్ని ఏ కట్టుబాటు ఆపాలి అని అడిగాను. చాలాసేపు ఆలోచించి అంది: "ఫారిన్ కీ పిల్లను అడుగుతుంది, నీ తల్లి వరస ఏది అని. తల్లిని అడగదు, నీ పిల్లలందర్నీ రాశావా అని." నాకు అక్కడ మొత్తం అర్థమైంది. చేర్చిన వరసను పరీక్షించే కట్టుబాట్లు ఎన్నయినా ఉన్నాయి. చేర్చని వరసను అడిగే కట్టుబాటు ఆ మామూలు అయిదింటిలో లేదు. పట్టికలన్నీ కలిపి చూసి "వారసులంతా వచ్చారా?" అని అడగగల నియమానికి 1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో చోటిచ్చారు. అసర్షన్ అని దాని పేరు. ఆ తర్వాత దశాబ్దాలపాటు పేరున్న డేటాబేసులు దాన్ని అమలు చెయ్యలేదు. ప్రతి మార్పుకూ అన్ని పట్టికలూ వెతకాలంటే ఖర్చెక్కువ.

ఖర్చెక్కువ అన్న మాట మనకు కొత్తదా? ఆస్తిహక్కు చట్టాల చరిత్ర కూడా ఇలాగే నడిచింది. పట్టికలో కొత్త కట్టుబాటు పెట్టేటప్పుడు ఒక వెసులుబాటు ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో దాన్ని నాట్ వ్యాలిడ్ అంటారు. ఇకనుంచి వచ్చే వరసలకే ఈ నియమం, పాతవి ఎలా ఉన్నా చూడొద్దని దానర్థం. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదన్నారు. పెద్దమ్మ పెళ్లి 1979లో, అమ్మ పెళ్లి 1988లో. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లలో చట్టం ఇరవయ్యేళ్లపాటు ఒకర్ని వారసురాలిగా, ఒకర్ని పాత వరసగా చూసింది. 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలన్న పట్టింపు లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పాత వరసలను కూడా నియమం ముందుకు తెచ్చింది. తండ్రి స్వార్జితం సంగతైతే, వీలునామా రాయకుండా పోయినప్పుడు కూతుళ్లూ కొడుకులతోపాటు మొదటి తరగతి వారసులేనని 1956 చట్టమే చెప్పింది.

ఇన్ని ఉన్నా 2021లో ఇద్దరి పేర్లు లేకుండా కాగితం నడిచింది. ల్యాబులో విని నవ్వుకున్న సంగతి ఒకటి ఇక్కడ గుర్తొస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు చాలా ఏళ్లపాటు చెక్ కట్టుబాటు రాస్తే తప్పనేది కాదు. మర్యాదగా తీసుకునేది, ఆ తర్వాత పట్టించుకునేది కాదు. 2019లో వచ్చిన 8.0.16 నుంచే దాన్ని అమలు చెయ్యడం మొదలుపెట్టింది. అంతవరకూ రాసినవాళ్లు రక్షణ ఉందనే అనుకున్నారు. మన చట్టాల పుస్తకాల్లో అలా మర్యాదగా తీసుకుని పక్కన పెట్టిన వాక్యాలు ఎన్ని!

ఈ మాటలు మిత్రులతో పంచుకున్నప్పుడు ఒకామె అభ్యంతరం చెప్పింది. గడులు రాజ్యానివి, గడులు పితృస్వామ్యానివి, మనం వాటిలో ఇమడకుండా ఉండటమే రాజకీయం కదా, నువ్వు ఇంకో గట్టి గడి కావాలంటున్నావేమిటి అంది. ఆ ప్రశ్న నాకూ ఉంది. ఏ గడిలోనూ పట్టని జీవితాల గురించే నా పరిశోధనంతా. కానీ గడి బయట నిలబడటం ఎంచుకున్నదానికీ, గడిలోకి రానివ్వక బయట మిగిలిపోయినదానికీ తేడా ఉంది. పెద్దమ్మ భర్త పోయి పన్నెండేళ్లు. కూలికి పోతుంది. 32 గుంటలు ఆమెకు సిద్ధాంతం కాదు. "నా పేరు లేదంటే నేను ఆ ఇంట్ల పుట్టలేదా బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు గడిలోనే ఉండాలి.

కట్టుబాటు వద్దా కావాలా అన్నది కాదు, దాన్ని ఎవరు రాశారు, ఎవరిని అడ్డుకోవడానికి రాశారు అన్నదే అసలు ప్రశ్న అని ఇప్పుడు నాకనిపిస్తోంది. ఆడదాని కాళ్లకు కట్టిన కట్టుబాట్లన్నీ మొహం చూసి కట్టినవే. అన్నకు ఒకటి, చెల్లెలికి ఒకటి. మంచి పట్టికలోని కట్టుబాటు మొహం చూడదు. ఏ ఆడమనిషి పేరూ ఆమె సంతకం లేకుండా జాబితాలోంచి జారిపోకూడదన్న ఒక్క నియమం ఆ ఒప్పంద కాగితం పుట్టిన చోట ఉంటే, పెద్దమ్మ అన్నదమ్ముల మంచితనం మీద ఆధారపడే పని ఉండేది కాదు. ఆ నియమం కంప్యూటరే పెట్టుకోలేదు. అక్కాచెల్లెళ్లు ఎంతమంది అని ఎవరో ఒకరు ఊళ్లోకి వెళ్లి అడగాలి, ఆ జవాబును మరో పట్టికలో రాయాలి. అప్పుడే ఈ పట్టిక దాంతో పోల్చుకోగలదు. పట్టిక నిజాయితీ అంతా దాని బయట జరిగే ఆ అడగడంలోనే ఉంది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. కొత్త చట్టంతో రెవెన్యూ అధికారుల ముందు అప్పీలు చేసుకునే దారి తిరిగి తెరుచుకుంది. వారసత్వం మార్చేముందు విచారణ, నోటీసులు కూడా వచ్చాయి. నోటీసు అంటే నిజానికి ఏమిటి? రాయని వరసల కోసం ఊళ్లోకి వేసిన కేక. అది ఎంత గట్టిగా వినబడుతుందో, ఎవరి గడప దాకా వెళుతుందో ఈ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే చెప్పాలి.

పెద్దమ్మ ఆ ఏడాది చివర్లో దరఖాస్తు పెట్టింది. మామలిద్దరికీ, అమ్మకూ నోటీసులు వెళ్లాయి. అమ్మకు ఇది ఇష్టం లేదు. "అన్నల తోని కొట్లాట ఎందుకు? పండుగకు పోనీకి తల్లిగారిల్లన్న ఉండాలె గద" అనేది ఎప్పుడూ. ఇన్నేళ్లూ అడిగినవాళ్లకు అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. ఆ మౌనాన్ని మామలు తమకు కావలసినట్టు చదువుకున్నారు. ఈసారి కాగితం ఆమె పేరునే వచ్చింది. జవాబు రాయకపోతే ఆ మౌనం అక్క మీదికే పోతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

రెండు రోజులు కాగితం దేవుడి గూట్లో పెట్టింది. మూడో రోజు నన్ను పెన్ను అడిగింది. వాటా కావాలనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. పేరు కింద భర్త పేరు రాసే అలవాటున్న మనిషి తండ్రి పేరు రాసి, కూతురు అని రాసింది. దాని కింద ఒకే వాక్యం: "మా నాయినకు మేము నలుగురం పిల్లలము." సంతకం చేసి, ఎక్కడ ఇయ్యాలెనో చెప్పు, నేనే పోతా అంది.